చిన్న సీసా, నాలుగు లీటర్ల జగ్గు: కొలనోస్కోపీకి ముందు తాగే మందు చరిత్ర

తింటూ వీడియో చూసే అలవాటు ఉన్నవాళ్ళు ఇవాళ్టికి ప్లేటు పక్కన పెట్టేయండి. ఈ ఎపిసోడ్ అంతా మోషన్స్ గురించే. నవ్వుకోండి పర్లేదు, కానీ చివరిదాకా ఉండండి. ఇందులో కిడ్నీలు పోగొట్టుకున్న మనుషులు ఉన్నారు, ఆపరేషన్ టేబుల్ మీద పేలుడు కూడా ఉంది.

ముందు ఒక ప్రశ్న. మీ ఇంట్లో ఒక పెద్దాయనకి డయాలసిస్ నడుస్తోంది అనుకోండి. రోజుకి లీటరు నీళ్ళు దాటొద్దని డాక్టర్ గట్టిగా చెప్పారు. ఆయనకి కొలనోస్కోపీ రాశారు. అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని కింద నుంచి పంపించి పెద్దపేగు లోపలంతా చూస్తారు. పేగు కడిగిన గిన్నెలా ఉంటేనే ఏమైనా కనబడుతుంది కాబట్టి ముందు కడుపు ఖాళీ చేయాలి. దానికి రెండు మందులు ఉన్నాయి. ఒకటి అరచేతిలో పట్టే చిన్న సీసా. రెండోది నాలుగు లీటర్ల నీళ్ళలో కలిపి మొత్తం తాగాల్సిన పొడి. ఆయనకి ఏది సేఫ్?

వందలో తొంభై మంది చిన్న సీసా అంటారు. లీటరు నీళ్ళకే లెక్కలు వేసే మనిషికి నాలుగు లీటర్లు ఎలా పోస్తాం అంటారు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ అది తిరగబడిన లెక్క. ఆయనకి ప్రమాదం చిన్న సీసాతోనే ఎక్కువ. ఎందుకో అర్థం కావాలంటే ఈ మందుల కథ మొదటి నుంచి చూడాలి.

మొదలు ఎక్కడంటే, మన ఇళ్ళలోనే. ఆముదం. "ఆముదం తాగిన మొహం" అనే మాట తెలుగులో ఊరికే పుట్టలేదు. పిల్లాడి ముక్కు మూసి గరిటెడు ఆముదం పోసిన నానమ్మలు మొన్నమొన్నటిదాకా ఉన్నారు. ఆముదంలో ఉండే రిసినోలిక్ ఆమ్లం పేగు కండరాల మీద ఒక రిసెప్టర్‌ని తట్టి లేపుతుందని 2012లో గానీ పరిశోధకులు తేల్చలేదు. అదే రిసెప్టర్ గర్భసంచిలో కూడా ఉంది. గర్భిణులకి ఆముదం విషయంలో జాగ్రత్త ఎందుకో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక్కడ చరక సంహిత గురించి ఒక మాట చెప్పాలి. "మనవాళ్ళకి అప్పుడే అన్నీ తెలుసు" టైపు వీడియో కాదిది, కంగారు పడకండి. విరేచనం అనే చికిత్స గురించి చెప్తూ, సిద్ధిస్థానం రెండో అధ్యాయంలో అది ఎవరికి చేయకూడదో కూడా రాశారు. చిన్నపిల్లలు, ముసలివాళ్ళు, బాగా నీరసించినవాళ్ళు, గర్భిణులు, ఇలా జాబితా వెళ్తుంది. ఎందుకు చేయకూడదో కారణాలూ ఇచ్చారు. ఆ కారణాలన్నీ ఇవాళ నిలబడవు. నాకు ముఖ్యం అనిపించింది ఒక్కటే: మందు గురించి రాసేటప్పుడే "ఎవరికి వద్దు" అని కూడా రాయడం. ఆధునిక వైద్యం ఈ మందుల విషయంలో ఆ పేజీని ముక్కలు ముక్కలుగా, దెబ్బ తిన్న ప్రతిసారీ ఒక లైను చొప్పున రాసుకుంటూ వచ్చింది.

సరే, 1969కి వెళ్దాం. న్యూయార్క్, బెత్ ఇజ్రాయెల్ ఆసుపత్రి. విలియం వోల్ఫ్, హిరోమి షిన్యా అనే ఇద్దరు సర్జన్లు పొడవాటి ఫైబర్ ఆప్టిక్ గొట్టంతో పెద్దపేగు మొత్తం చూడటం మొదలుపెట్టారు. అదే ఏడాది షిన్యా ఆ గొట్టంలోంచి వైరు ఉచ్చు పంపించి, పాలిప్‌కి, అంటే పేగు గోడ మీద పెరిగే చిన్న పిలకకి, ఉచ్చు బిగించి కరెంటుతో కోసేశారు. పొట్ట కోయకుండా! క్యాన్సర్‌గా మారే అవకాశం ఉన్న పిలకని ముందే తీసేయడం అంటే చిన్న విషయం కాదు.

కానీ పేగు శుభ్రంగా లేకపోతే కెమెరా ఎంత గొప్పదైనా దండగే. అప్పటికి చేతిలో ఉన్న పద్ధతి ఏంటంటే, రెండు మూడు రోజులు తేట నీళ్ళలాంటి ద్రవాలే ఆహారం, మధ్యలో ఆముదమో ఇంకో విరేచనాల మందో, ఆపైన ఎనిమాలు. కుర్రాడికైతే ఓకే. డెబ్భై ఏళ్ళ షుగర్ పేషెంట్‌ని మూడు రోజులు పస్తు పెడితే ఏమవుతుందో ఊహించుకోండి. ఇక్కడ ఇంకో చిక్కుంది. కొలనోస్కోపీ ఎక్కువగా అవసరమయ్యేది ఎవరికి? వయసు మళ్ళినవాళ్ళకి. బీపీ, షుగర్, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉండేది ఎక్కువగా ఎవరికి? వాళ్ళకే. సాఫ్ట్‌వేర్‌లో అరుదుగా తగిలే సందర్భాన్ని ఎడ్జ్ కేస్ అంటాం. ఈ కథలో ఎడ్జ్ కేస్ అనుకున్నవాళ్ళే అసలు యూజర్లు.

1973లో బ్రిటన్‌లో కొందరు సర్జన్లు ఇంకో దారి చూపించారు. ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేసి, ఉప్పు నీళ్ళు ఆపకుండా వదలడం. కింద నుంచి తేట నీళ్ళు వచ్చేదాకా అంతే, లీటర్ల కొద్దీ. కాలవకి నీళ్ళు వదిలి పూడిక కొట్టుకుపోయేలా చేసినట్టు. కొన్ని గంటల్లో పని అయిపోయేది. కానీ పేగు సిమెంటు కాలవ కాదు కదా, పీల్చుకుంటుంది. ఉప్పు నీళ్ళలో కొంత భాగం ఒంట్లోకి వెళ్ళిపోయేది, మనిషి బరువు పెరిగేది. బలమైన కిడ్నీలు ఉంటే ఆ అదనపు ఉప్పునీ నీళ్ళనీ రాత్రికి రాత్రి బయటికి తోసేస్తాయి. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకి, కిడ్నీలు పనిచేయనివాళ్ళకి అవి ఊపిరితిత్తుల్లోకి చేరి ఆయాసం తెస్తాయి. "ఎవరికి వద్దు" పేజీలో ఒక లైను చేరింది.

తర్వాత మానిటాల్ వచ్చింది. ఇది చక్కెర చుట్టం. పేగు దీన్ని పెద్దగా పీల్చుకోదు కాబట్టి నీళ్ళని తనతోపాటు పేగులోనే పట్టి ఉంచి బయటికి తెచ్చేస్తుంది. తియ్యగా ఉంటుంది, తక్కువ తాగితే చాలు. అయితే మనం పీల్చుకోని తీపిని పేగులో ఉండే బ్యాక్టీరియా వదిలిపెట్టదు. పులియబెడుతుంది. పులిస్తే హైడ్రోజన్ పుడుతుంది. గాలిలో హైడ్రోజన్ 4 శాతం దాటితే ఒక్క నిప్పురవ్వ చాలు. ఇప్పుడు షిన్యా ఉచ్చు గుర్తు తెచ్చుకోండి. పాలిప్‌ని కోసేది కరెంటుతో.

1979లో ఫ్రాన్స్ డాక్టర్లు వైద్య పత్రికలో ఒక కేసు రాశారు. మానిటాల్‌తో కడుపు ఖాళీ చేసిన మనిషికి పాలిప్ కోస్తుండగా పేగులో పేలుడు జరిగింది. మనిషి చనిపోయారు. ఆ తర్వాత కరెంటు వాడే చోట మానిటాల్ అంటేనే డాక్టర్లు వెనకడుగు వేశారు.

ఇప్పుడు కథ డల్లాస్‌కి వెళ్తుంది, కానీ దారిలో బెంగాల్‌లో ఆగాలి. 1971, బంగ్లాదేశ్ యుద్ధం, సరిహద్దు దగ్గర బనగావ్ శరణార్థుల శిబిరంలో కలరా. సెలైన్ బాటిళ్ళు అయిపోతుంటే డాక్టర్ దిలీప్ మహాలనబిస్ టీమ్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో కలిపి నోటితో తాగించారు. 20 నుంచి 30 శాతం ఉండే మరణాలు 4 శాతం లోపుకి దిగాయి. మనం ఇవాళ ఓఆర్ఎస్ అంటున్నది అదే. అది పనిచేసే పద్ధతి: పేగు గోడలో గ్లూకోజ్, సోడియం జంటగా లోపలికి వెళ్ళే ద్వారం ఉంది. ఆ జంట వెళ్తే వెనకే నీళ్ళూ వెళ్తాయి.

జాన్ ఫోర్డ్‌ట్రాన్ అనే అమెరికన్ డాక్టర్ కెరీర్ అంతా ఇదే సబ్జెక్టు. పేగు ఏది పీల్చుకుంటుంది, ఏది వదిలేస్తుంది. ఆ ప్రయోగాల్లో కొలతబద్దగా పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పొడి వాడేవాడు. పొట్టిగా పెగ్ అంటారు. పేగు దాన్ని దాదాపు ముట్టుకోదు, ఎంత పోస్తే అంత బయటికి వస్తుంది. బ్యాక్టీరియాకి కూడా అది తిండి కాదు, కాబట్టి గ్యాస్ పుట్టదు. ఆయన టీమ్ చేసిన పని నాకు భలే నచ్చింది. ఓఆర్ఎస్‌ని తిరగేశారు. గ్లూకోజ్ తీసేయ్, బదులుగా పెగ్ వేయ్. సోడియంని మామూలు ఉప్పు రూపంలో కాకుండా ఎక్కువగా సల్ఫేట్ రూపంలో ఇవ్వు, ఎందుకంటే సల్ఫేట్‌ని పేగు సరిగ్గా పీల్చుకోలేదు, తోడు లేక సోడియం కూడా లోపలికి పోలేదు. మొత్తం ద్రావణం గాఢత రక్తంతో సమానంగా ఉంచు. అప్పుడు నీళ్ళు లోపలికీ పోవు, ఒంట్లోంచి బయటికీ రావు. పైన పోసింది కింద వస్తుంది, అంతే. 1980లో ఈ ఫార్ములా అచ్చయింది.

నాలుగు లీటర్లు తాగినా ఒంట్లోకి దాదాపు ఏమీ చేరదు. మొదట్లో అడిగిన డయాలసిస్ పెద్దాయన ప్రశ్నకి జవాబు ఇదే. ఆయనకి కట్టడి ఒంట్లోకి చేరే నీళ్ళ మీద. పేగులోంచి దాటిపోయే నీళ్ళు ఆ లెక్కలోకి రావు.

1984లో బ్రెయిన్‌ట్రీ అనే కంపెనీ దీన్ని అమెరికా మార్కెట్లోకి తెచ్చింది. పేరు గోలైట్లీ, అంటే హాయిగా వెళ్ళండి అనే అర్థం వచ్చేలా. ఆ పేరు పెట్టినవాళ్ళు నాలుగు లీటర్లు తాగి ఉండరని నా గట్టి నమ్మకం. పది నిమిషాలకో గ్లాసు, సల్ఫేట్ వల్ల కుళ్ళిన గుడ్డు వాసన, ఉప్పన, జిడ్డు. చాలామంది సగంలో వదిలేసేవాళ్ళు, వాంతి చేసుకునేవాళ్ళు. సగం తాగితే పేగు సగమే శుభ్రం, పాలిప్ కనపడకుండా పోవచ్చు. కాబట్టి రుచి గొడవ అనేది వైద్యం గొడవే. తర్వాత సల్ఫేట్ తీసేసిన రకాలు, తక్కువ లీటర్ల రకాలు వచ్చాయి. మన దగ్గర దొరికే పెగ్‌లెక్ ప్యాకెట్ రెండు లీటర్లలో కలిపేది, అదీ ఈ కుటుంబమే.

ఒక చిన్న పక్కమాట. తాగలేకపోతున్నారని జాలిపడి ఇందులో పంచదారో గ్లూకాన్-డీనో కలిపేవాళ్ళు ఉన్నారు. కలిపిన నిమిషంలో ఫోర్డ్‌ట్రాన్ తీసేసిన గ్లూకోజ్‌ని మీరు మళ్ళీ పెట్టినట్టే. సోడియంకి ద్వారం తెరుచుకుంటుంది, బ్యాక్టీరియాకి విందు కూడా.

ఇప్పుడు చిన్న సీసా దగ్గరికి వద్దాం. సోడియం ఫాస్ఫేట్. అమెరికాలో ఫ్లీట్ అనే కంపెనీ ఫాస్ఫో-సోడా పేరుతో మలబద్ధకానికి ఎప్పటి నుంచో అమ్ముతున్న మందు. ప్రిస్క్రిప్షన్ కూడా అక్కర్లేదు. 1990లో కెనడా డాక్టర్లు దీన్ని నాలుగు లీటర్ల మందుతో పోల్చి చూశారు. 45 మిల్లీలీటర్లు రెండు డోసులు, శుభ్రం చేయడంలో ఏమీ తీసిపోలేదు, తాగడం చాలా తేలిక. ఇంకేముంది, పదిహేనేళ్ళు దానిదే రాజ్యం. మన దేశంలోనూ ఈ రకం చిన్న సీసాలు వాడుతూ వచ్చారు.

అది ఎలా పనిచేస్తుందో మాగాయ పెట్టే ఇంట్లో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మామిడికాయ ముక్కలకి ఉప్పు పట్టించి ఉంచితే మూడో రోజుకి జాడీ నిండా ఊట. బయటి నుంచి ఎవరూ నీళ్ళు పోయలేదు, ముక్కలోవే వచ్చాయి. చిన్న సీసాలో ఉన్నది బాగా చిక్కటి ఉప్పు. పేగులోకి వెళ్ళి ఒంట్లోని నీళ్ళనే ఊటలా లాగుతుంది. అంటే మీరు తాగింది చిన్న సీసానే, కానీ బయటికి పోయేది మీ సొంత నీళ్ళు. మరోపక్క ఆ ఫాస్ఫేట్‌లో కొంత రక్తంలోకి చేరుతుంది. రక్తంలో చేరిన ఫాస్ఫేట్‌ని బయటికి పంపాల్సింది కిడ్నీ. ఒంట్లో నీళ్ళు తగ్గి కిడ్నీకి సప్లై తగ్గిన సమయంలోనే దానికి ఈ పని మీద పడుతుంది. అక్కడ ఫాస్ఫేట్, కాల్షియం కలిసి సన్నటి గొట్టాల్లో గడ్డకడతాయి. ఎముకకి గట్టితనం ఇచ్చేదీ కాల్షియం ఫాస్ఫేటే. అలాంటి సరుకు కిడ్నీలో పేరుకుంటే ఎలా ఉంటుందో చూడండి.

కిడ్నీలు చెడిపోయినవాళ్ళకి ఇది ఇవ్వకూడదని ముందే తెలుసు. తెలియంది ఏంటంటే, కిడ్నీలు బాగున్నాయి అనుకున్నవాళ్ళకి కూడా ఏం చేయగలదో. న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో గ్లెన్ మార్కోవిట్జ్ టీమ్ మైక్రోస్కోప్ కింద కిడ్నీ ముక్కలు చూసే పనిలో ఉండేది. 2000 నుంచి 2004 దాకా చూసిన 7349 బయాప్సీల్లో ఇలాంటి కాల్షియం పేరుకున్న కేసుల్ని విడిగా తీసి పాత రికార్డులు తిరగేస్తే, 21 మంది కొలనోస్కోపీకి ముందు సోడియం ఫాస్ఫేట్ తాగినవాళ్ళు. 2005లో అచ్చయిన ఈ పేపర్‌లో నన్ను ఆపేసిన నంబర్లు ఇవి. సగటు వయసు 64. 21 మందిలో 17 మంది ఆడవాళ్ళు. మందు తాగకముందు సగటు క్రియాటినిన్ 1.0, అంటే రిపోర్టు చూసి ఎవరైనా నార్మల్ అనే అంకె. 16 మందికి బీపీ ఉంది, వాళ్ళలో ఎక్కువమంది వాడేది ఏసీఈ, ఏఆర్‌బీ రకం మాత్రలు. మన భాషలో చెప్పాలంటే రామిప్రిల్, టెల్మిసార్టన్ లాంటివి. మీ ఇంట్లో మందుల డబ్బా తెరవండి, ఏదో ఒకటి ఉండే అవకాశం ఉంది. చివరికి ఏమైంది? 4 గురు శాశ్వతంగా డయాలసిస్‌కి వెళ్ళారు. మిగతా 17 మందికీ కిడ్నీ పనితనం దెబ్బతినే ఉండిపోయింది. క్యాన్సర్ రాకుండా ముందు జాగ్రత్తగా చేయించుకునే పరీక్ష అది. దాని ముందురోజు తాగిన మందుతో ఇలా అయింది.

64 ఏళ్ళ మనిషిలో 1.0 క్రియాటినిన్ ఎప్పుడూ 1.0 కాదు. కండ తగ్గిన, సన్నగా ఉన్న పెద్దావిడలో క్రియాటినిన్ పుట్టడమే తక్కువ. అంకె బాగున్నా కిడ్నీ వడపోత తగ్గి ఉండొచ్చు. అందుకే ఇప్పుడు వయసు కూడా కలిపి ఈజీఎఫ్ఆర్ లెక్క కడతారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు కిడ్నీ జబ్బు ఎలా ఇళ్ళకి ఇళ్ళని పట్టిందో తెలిసిన మనకి, లోపల తగ్గిన పనితనం చాలాకాలం బయటికి కనపడదన్న సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు.

2006లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. 2008 డిసెంబర్‌లో ప్రిస్క్రిప్షన్ మీద ఇచ్చే సోడియం ఫాస్ఫేట్ మాత్రల మీద తన అత్యంత గట్టి హెచ్చరిక, నల్ల పెట్టెలో అచ్చు వేసేది, పెట్టించింది. ప్రిస్క్రిప్షన్ లేకుండా దొరికే సీసాని కడుపు ఖాళీ చేయడానికి వాడొద్దంది. ఫ్లీట్ కంపెనీ తన సీసాని వెనక్కి తీసుకుంది. 2006 హెచ్చరికకీ దీనికీ మధ్య రెండేళ్ళకి పైనే. నా ఉద్దేశంలో అది ఎక్కువే.

కిడ్నీ దగ్గర ఇంతసేపు ఆగాను, ఎందుకంటే దెబ్బ అక్కడే పెద్దది. మిగతావి కాస్త తొందరగా చెప్తా. మెగ్నీషియం ఉన్న మందులు కూడా ఉన్నాయి, మెగ్నీషియంని బయటికి పంపేదీ కిడ్నీయే, కాబట్టి అదే ఇబ్బంది. గుండె ఫెయిల్యూర్, లివర్ సిర్రోసిస్ ఉన్నవాళ్ళకి సాధారణంగా డాక్టర్లు పెగ్ వైపే మొగ్గుతారు, కారణం ఈపాటికి మీకే తెలుసు. కానీ పెగ్ కూడా అందరికీ ఒకటే కాదు. పక్షవాతం వచ్చి మింగడం సరిగ్గా రానివాళ్ళు లీటర్ల కొద్దీ తాగితే అది ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంది. వెన్నుపూస దెబ్బతిన్నవాళ్ళకి, పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళకి పేగు కదలికే నిదానం, ఒక్క రాత్రిలో అయ్యే పని కాదు, ఎక్కువ రోజుల ప్లాన్ కావాలి. షుగర్ ఉన్నవాళ్ళ విషయంలో మందు కంటే పస్తు భయం. తిండి ఆపి ఇన్సులిన్ మాత్రం రోజూలాగే వేసుకుంటే షుగర్ పడిపోతుంది. ఏ డోసు తగ్గించాలో ముందే రాయించుకోవాలి. రక్తం పలచబడే మందులు, బీపీ మందులు ఆపాలా వద్దా అనేది డాక్టర్ చెప్పాల్సింది. ఈ వీడియో చూసి మీ నాన్నగారి టెల్మిసార్టన్ ఆపేయకండి దయచేసి. ఇక పెద్దవాళ్ళు రాత్రి పదోసారి బాత్రూమ్‌కి పరిగెడుతూ తడి నేల మీద జారిపడటం. దీనికి ఏ ఫార్ములా లేదు, పక్కన మనిషి ఉండాలి, లైటు వేసి ఉండాలి.

ఈమధ్య వచ్చిన మంచి మార్పు మందులో కాదు, టైమింగ్‌లో. మొత్తం ముందురోజు సాయంత్రమే తాగించకుండా సగం అప్పుడు, సగం పరీక్షకి నాలుగైదు గంటల ముందు తాగించడం. రాత్రంతా చిన్నపేగు నుంచి దిగే పసరు పెద్దపేగు కుడివైపు పూతలా అంటుకుంటుంది. పొద్దున తాగే సగం దాన్ని కడిగేస్తుంది. 2014 నాటి అమెరికా మార్గదర్శకాల్లో ఇదే పద్ధతి మంచిదని రాశారు. ఒకేసారి అంత తాగలేని పెద్దవాళ్ళకి ఇది ఊపిరి తీసుకునే వీలు కూడా ఇస్తుంది.

చిన్న సీసా మీద మనిషి మోజు మాత్రం పోలేదు. 2020 నవంబర్‌లో అమెరికాలో అనుమతి వచ్చిన కొత్త రకం చూడండి, అదే బ్రెయిన్‌ట్రీ పేరు మీద. జగ్గు లేదు, వాసన లేదు. 24 మాత్రలు, రెండు విడతలుగా, నీళ్ళతో. ఫాస్ఫేట్ కాదు, సల్ఫేట్ ఉప్పులు. అందులో ఒకటి మెగ్నీషియం సల్ఫేట్. దాని లేబుల్ తెరిచి చదివితే, కిడ్నీ పనితనం తగ్గినవాళ్ళకి, కిడ్నీ మీద ప్రభావం చూపే మందులు వాడేవాళ్ళకి ఇచ్చేటప్పుడు జాగ్రత్త అనే లైను ఉంటుంది. ఆ మందుల ఉదాహరణల్లో మళ్ళీ అవే, ఏసీఈ, ఏఆర్‌బీ.